71 ఎపిసోడ్ల ప్రేమకథని పుస్తకం చేయడం ఎలా? ఒప్పందం మీద సంతకం పెట్టమంటున్నారు

పెరంబూరు పావని:

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో పెరంబూరులో ఉంటాను. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్ళుగా ఒక యాప్‌లో కలం పేరుతో ప్రేమకథ రాస్తున్నాను. రాయడం అంటే ఏదో బల్ల, కుర్చీ అనుకోకండి. లోకల్ ట్రైన్‌లో, ఫోన్ మీద, బొటనవేలితో. పెరంబూరులో ఎక్కితే అంబత్తూరు వచ్చేలోపు పాతిక లైన్లు అవుతాయి. విల్లివాక్కంలో సీటు దొరికితే ముప్పై.

కథ ఇదీ. వసుధది ఒంగోలు. ఉద్యోగానికి వచ్చి విల్లివాక్కంలో పేయింగ్ గెస్ట్‌గా ఉంటుంది. ఎదురుగా కాఫీ పొడి అంగడి. దాన్ని నడిపే మురళికి 28 ఏళ్ళు. వాళ్ళది మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ మురళికి తెలుగు చదవడం రాదు. నాలుగో ఎపిసోడ్‌లో వసుధ కాఫీ పొడి బాకీ గురించి ఒక చీటీ రాసి షట్టర్ కింద నుంచి లోపలికి తోస్తుంది. మురళి దాన్ని వాళ్ళ నాయనమ్మ చేత చదివించుకుంటాడు. నాయనమ్మ లేని మాటలు కలిపి చదువుతుంది. అలా మొదలై 71 ఎపిసోడ్లకు వచ్చింది. మధ్యలో కామెంట్లలో అడిగినవన్నీ పెట్టాను: మేనబావ, యాక్సిడెంట్, 43లో మురళి గతం మర్చిపోవడం, 58లో గుర్తు రావడం.

పోయిన నెల ఒక ప్రచురణకర్త ఫోన్ చేశారు. పుస్తకం వేస్తారట. 200 పేజీలు దాటకూడదట. పంపిన కాగితంలో “ఈ నవలపై సర్వహక్కులు శాశ్వతంగా” అని ఉంది. 200 ప్రతులు నేను సగం ధరకి కొనాలి, అంటే 20,000 రూపాయలు. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఖర్చు అని ఇంకో 3,000. ఇంట్లో మా ఆయనకి నేను రాస్తున్న సంగతే తెలియదు, ఈ 23,000 ఏ ఖాతాలో చూపించాలో అకౌంటెంట్‌నైన నాకే తెలియట్లేదు.

ఎలా తగ్గించాలి? సంతకం పెట్టొచ్చా? నా రాత ఎలా ఉంటుందో తెలియడానికి తొమ్మిదో ఎపిసోడ్‌లో ఒక ముక్క పెడుతున్నాను.

“అర కిలో చాలా అండీ?” అన్నాడు మురళి. “చికోరీ ఎంత కలపమంటారు?”
“మీ ఇష్టం,” అంది వసుధ.
“నా ఇష్టమైతే అసలు కలపను. నీకు చేదు పడుతుందా?”
ఆమె తలూపింది.
“సరే, రేపు రండి. తాజాగా మర ఆడించి పెడతా.”

మాంబళం మామ్మ:

పావనీ, సంతకం సంగతి చివర చెబుతాను. ముందు ఆ కాఫీ పొడి దగ్గర కాసేపు ఆగాలి.

మురళి మొదట “అండీ” అన్నాడు. “కలపమంటారు” అన్నాడు. ఆ వెంటనే “నీకు చేదు పడుతుందా” అన్నాడు. మళ్ళీ “రేపు రండి”. ఇది నువ్వు కావాలని రాశావా, కొరట్టూరు స్టేషన్‌లో ఎవరో కాలు తొక్కితే జరిగిందా? కావాలని రాసి ఉంటే నీ చేతికి దండం. చూసుకోకుండా రాసి ఉన్నా సరే, మురళి నోట అది సరైన చోటే జారింది. కాఫీ గురించి మాట్లాడేటప్పుడు అతనికి మర్యాద గుర్తుండదు. మరి వసుధ ఏం చేస్తోంది? ఒంగోలు పిల్ల, పరాయి మగవాడు “నీకు” అంటే చెవిన పడలేదా? ఉత్త తల ఊపి ఊరుకుందా?

నాది నెల్లూరు. పెళ్ళయి 1986లో ఈ ఊరొచ్చాను. ఒకప్పుడు ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్రప్రభ మద్రాసులోనే అచ్చయ్యేవి. నేనొచ్చేసరికి నా కవర్లు విజయవాడకీ హైదరాబాదుకీ పోస్టు చేయాల్సి వచ్చేది, తిరుగు స్టాంపులు అతికించి మరీ. 1989లో ఒక వారపత్రిక నా మొదటి సీరియల్ తీసుకుంది. ఆరో వారం ముక్క తిరిగొచ్చింది. ఏం తప్పు చేశానోనని కవరు చించి చూస్తే కాగితాల్లో దిద్దుబాట్లేమీ లేవు. ఒక్కచోట మాత్రం, నా హీరో హీరోయిన్‌తో “నువ్వు” అన్న చోట, ఎర్ర సిరాతో సున్నా చుట్టి పక్కన “ఎప్పటినుంచి?” అని రాసి ఉంది. అంతే.

వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. అయిదో వారం దాకా “మీరు”. ఆరో వారం మొదటి లైను నుంచి “నువ్వు”. మధ్యలో ఏం జరిగిందో నాకే తెలియదు. ఆ సబ్‌ఎడిటర్ పేరు ఇప్పటికీ తెలియదు గానీ, అన్నం తింటూ కూడా ఆ ఎర్ర సున్నా గుర్తొచ్చేది. మన భాషలో ఇద్దరు మనుషులు దగ్గరయ్యే సీను విడిగా రాయక్కర్లేదమ్మా, ఆ పిలుపు మారే చోటే ఉంటుంది. ఎవరు ముందు మార్చారు, రెండోవాళ్ళు వెంటనే మార్చారా, నలుగురిలో ఉన్నప్పుడు మళ్ళీ “మీరు”లోకి వెళ్ళారా, కోపం వచ్చినప్పుడు ఏమంటారు. నేను 11 నవలలు రాశాను. ఒక్క ముద్దు కూడా సరిగ్గా రాయడం చేతకాలేదు. ఇది మాత్రం వచ్చింది.

కాబట్టి 71 ఎపిసోడ్లు ముందేసుకుని ఒక రోజంతా ఈ ఒక్క పనే చెయ్యి. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారో గీత గీసుకుంటూ పో. మురళి చెన్నై తెలుగువాడు కదా, “ఏం చేస్తా ఉండారు” అనే రకం. అతని “మీరు” వేరు, వసుధ “మీరు” వేరు. అతనిది అంగడి మర్యాద, ఆమెది దూరం పెట్టడం.

ఇక తగ్గించడం. వారపత్రికలో సీరియల్ అంటే ప్రతి వారం చివర పాఠకుడు వేలాడాలి. నా మొదటి సీరియల్ 18 వారాలు వస్తే అందులో ఏడుసార్లు కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో ఉన్న మనిషిని చూసి ఆమె నిర్ఘాంతపోయింది, మిగతా వచ్చే వారం. వచ్చే వారం చూస్తే ఒకసారి గ్యాస్ సిలిండర్ వాడు, ఒకసారి పక్కింటి పిల్లవాడు బంతి కోసం. పుస్తకం చేసేటప్పుడు అన్నీ ఒకేసారి చదివితే నాకే నవ్వొచ్చింది, ఆ అమ్మాయికి గుండె జబ్బేమో అనిపించింది. ఆరు బెల్లులు తీసేశాను. యాప్‌లో మీకూ అదే రోగం, ఇంకా ఎక్కువ. ప్రతి ఎపిసోడ్ మొదట్లో కిందటిసారి జరిగింది గుర్తు చేయడం, చివర ఒక ఉలికిపాటు. ఆ రెండు కొసలూ కత్తిరిస్తేనే చాలా బరువు దిగుతుంది.

నేను చేసే పద్ధతి ఇది. రోజూ చించే క్యాలెండర్ కాగితాలు దాచిపెట్టుకుంటాను, వెనక తెల్లగా ఉంటాయి కదా. ఒక్కో కాగితం మీద ఒక్కో అధ్యాయం. కథలో ఏం జరిగిందో రాయను. ఆ అధ్యాయం తర్వాత ఆమెకి అతని గురించి కొత్తగా ఏం తెలిసింది, అతనికి ఆమె గురించి ఏం తెలిసింది, అంతే. ఏమీ తెలియకపోతే ఆ కాగితం కాఫీ గ్లాసు కిందకి పోతుంది. నీ 43 నుంచి 58 దాకా అన్నీ గ్లాసు కిందకే పోతాయని నా అనుమానం. గతం మర్చిపోయినవాడికి ఎవరి గురించి ఏం తెలుస్తుంది?

అసలు యాక్సిడెంట్ నీకెందుకు? నాయనమ్మ లేని మాటలు కలిపి చదివింది అని ఒక్క వాక్యంలో చెప్పేసి వెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. వసుధ రాసింది “140 రూపాయలు బాకీ, శనివారం ఇస్తాను”. నాయనమ్మ చదివింది ఏంటి? “శనివారం వస్తాను, ఉంటారు కదా.” మురళి శనివారం కొత్త చొక్కా వేసుకుని కూర్చుంటాడు. ఇలా ఎన్ని చీటీలు రాసిందో, ముసలావిడ ఎన్ని మాటలు కలిపిందో. మురళి ప్రేమించింది వసుధనా, నాయనమ్మ వాక్యాలనా? ఒకరోజు అతను ఆ పిల్ల కోసమని అక్షరాలు నేర్చుకుంటాడు. డబ్బా నిండా దాచుకున్న చీటీలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతాడు. అన్నీ బాకీ లెక్కలే! వాళ్ళని విడగొట్టడానికి లారీలు, కారులు అక్కర్లేదు. ఈ చీటీల సంగతి రాయకపోతే మాత్రం నీ మీద నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు కాగితం. నేను 2003లో ఒక ప్రచురణకర్తకి నాలుగు లైన్ల కాగితం మీద సంతకం పెట్టాను. “సర్వహక్కులు” అని ఉంది, ఎన్నాళ్ళకో లేదు. కొన్నాళ్ళు రాయల్టీ వచ్చింది, 10 శాతం లెక్కన, తర్వాత ఆగిపోయింది. పుస్తకం అమ్ముడుపోవడం లేదేమో అనుకున్నాను. 2012 జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి వెళ్తే ఒక స్టాల్‌లో నా నవల కొత్త అట్టతో కనిపించింది. అట్ట మీద అమ్మాయి జీన్సులో ఉంది, నా హీరోయిన్ లంగా ఓణీ దాటి ఎరగదు. నా పుస్తకాన్ని నేనే 10 శాతం తగ్గింపుతో కొనుక్కుని, మర్నాడు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెరవలేదు.

మా అన్నయ్యగారి అల్లుడు లాయరు. అతను చెప్పింది నీకు చెబుతున్నాను. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 19 చదువు. హక్కులు రాసివ్వడం అంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నీ అందులో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్ళే అని చట్టం అనుకుంటుంది. ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. ఇచ్చిన హక్కుని ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, అది చెల్లిపోతుంది. నా కాగితంలో కాలం లేదు కాబట్టి 2008తోనే వాళ్ళ హక్కు తీరిపోయింది. అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్ పోస్టు పంపాం. రెండు నెలలకి చెక్కు, ఒక పొడి ఉత్తరం వచ్చాయి. క్షమాపణ లేదు.

నీ కాగితంలో “శాశ్వతంగా” అని ఉంది చూడు, అది నాకంటే తెలివైన కాగితం. అయిదేళ్ళ లెక్క నీకు పనికిరాదు. ఆ మాట కొట్టించాల్సిందే. తెలుగులో ముద్రణ హక్కు మాత్రమే, మూడేళ్ళు, ఇన్ని ప్రతులు అని రాయించు. ఆడియో, సినిమా, సీరియల్, అనువాదం నీ దగ్గరే ఉంటాయని కూడా రాయించు. యాప్‌కి ఏం ఒప్పుకున్నావో అది కూడా ఒకసారి చదువు, రిజిస్టర్ చేసుకునేటప్పుడు అందరం “సమ్మతమే” అని నొక్కేస్తాం.

20,000 నువ్వే పెట్టేటప్పుడు ప్రచురణకర్త ఎవరు? డబ్బు పెట్టి వేసుకోవడం తప్పేమీ కాదు, నేనూ రెండు వేసుకున్నాను. కానీ డబ్బూ నీదే, హక్కులూ వాళ్ళవే అంటే అందులో నీకు మిగిలింది అట్ట వెనక ఫోటో ఒక్కటే.

ట్రిప్లికేన్ డీటీపీ:

మామ్మగారు చెప్పాక నేను చెప్పేదేముంది, ఉన్న నాలుగు ముక్కలు చెబుతాను.

ఐఎస్‌బీఎన్‌కి 3,000 ఇవ్వకండి. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ అని ఉంది, కేంద్ర విద్యాశాఖ కింద. ఉచితం. రచయితలు సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పుస్తకం మీరే వేసుకునేటట్టయితే మీరే తెచ్చుకోండి.

పేజీలు 200 అనకండి. అచ్చు ఫారాల లెక్కన నడుస్తుంది, ఫారానికి 16 పేజీలు. 192 అంటే 12 ఫారాలు, 208 అంటే 13. 200 అంటే అర ఫారం వేలాడుతుంది. మీ ఎపిసోడ్ ఒక్కోటి 1,100 మాటలు అనుకుంటే మొత్తం 78,000. డెమ్మీ సైజులో (మామూలు నవలల సైజు) మేం కూర్చే అక్షరాల సైజుకి పేజీకి 250 మాటలు పడతాయి. 192 పేజీలంటే 48,000. అంటే 30,000 మాటలు పోవాలి. కాలింగ్ బెల్లులు తీస్తే సరిపోదు మామ్మగారూ, మేనబావ కూడా వెళ్ళాల్సిందే.

అసలు భయపడాల్సింది ఇంకోటి ఉంది. మీరు ఫోన్‌లో టైప్ చేసింది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా కనిపించే అక్షరాల పద్ధతి. అచ్చు పనికి చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అనూ ఫాంట్స్‌తోనే కూరుస్తారు. యూనికోడ్ నుంచి అనూకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరం నెత్తినెక్కుతాయి. ముఖ్యంగా “సాఫ్ట్‌వేర్” లాంటివి. అందులో ట్ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. మార్పిడిలో అది పోతే ట కింద వ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. పోయిన ఏడాది ఒక నవలలో హీరో ఉద్యోగం మొదటి పేజీ నుంచి చివరి దాకా ఎవరూ పలకలేని మాటగా అచ్చయింది. మార్చాక ఒకసారి, పేజీలు కట్టాక ఇంకోసారి, రెండుసార్లు ప్రూఫు మీరే చూడండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద.

ఎగ్మోరు సత్యం:

రిటైర్డ్ టీచర్‌ని, ఒక చిన్న సంగతి. మురళికి తెలుగు చదవడం ఎందుకు రాదో కథలో చెప్పారా? తమిళనాడు స్కూళ్ళలో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వల్ల అని మాత్రం రాయకండి. ఆ చట్టం 2006లో వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి పెంచుతూ పోయారు. ఇప్పుడు 28 ఏళ్ళున్నవాడు అప్పటికే ఒకటో తరగతి దాటేసి ఉంటాడు, అతని తరగతిని అది ఎప్పుడూ అందుకోలేదు. మార్కులు ఎక్కువ వస్తాయని సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్నాడని రాయండి. నా క్లాసులో అలా వెళ్ళిపోయిన తెలుగు పిల్లలు చాలామంది. ఫ్రెంచ్‌లో నెలల పేర్లు చెప్పగలరు, అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవలేరు.

పుస్తకం వచ్చాక కన్నెమరా లైబ్రరీకి ఒక ప్రతి పంపడం మరవద్దు. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో మన ఎగ్మోరుది ఒకటి. చాలామంది పంపరు. నేను వెళ్ళి అడుగుతాను.

విల్లివాక్కం వీరాభిమాని:

అక్కా నేను మీ 71 ఎపిసోడ్లూ చదివాను. 43 తీసేస్తే ఊరుకోను. మురళి వసుధని చూసి “మీరెవరు” అన్నప్పుడు బస్సులో ఏడ్చేశాను, కండక్టర్ దిగిపోతావా అని అడిగాడు. పెద్దవాళ్ళు చెప్పారని అన్నీ తీసేయకండి. మేం చదివింది కూడా కథే కదా.

పెరంబూరు పావని:

మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి క్షమించండి.

మామ్మగారూ, నిజం చెబుతున్నా, ఆ “నీకు” కావాలని రాయలేదు. కొరట్టూరు కూడా కాదు, పట్టరవాక్కం. అన్నీ గీతలు గీసుకుని చూశాను. 71 ఎపిసోడ్లలో 19 సార్లు “మీరు” నుంచి “నువ్వు”కి వెళ్ళి వెనక్కి వచ్చారు. వాటిలో నేను తెలిసి చేసినవి రెండు. క్యాలెండర్ కాగితాలు మా ఇంట్లో లేవు, ఆఫీసులో పాత వోచర్ల వెనక రాశాను. ఆ కట్ట మా ఆయన కంట పడింది. “మురళి ఎవరు?” అని అడిగారు. మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఆయన అన్న మొదటి మాట: “అర కిలోకి ఆ చికోరీ లెక్కేంటి, వివరంగా రాయలేదే?”

మేనబావ పోయాడు. యాక్సిడెంట్ పోయింది. వీరాభిమాని తమ్ముడూ, 43 పోయింది గానీ “మీరెవరు” పోలేదు. చీటీలన్నీ చదివేశాక మురళి అంగడి గడప దగ్గర వసుధతో ఆ మాటే అంటాడు, గతం అంతా గుర్తుండగానే. ఇప్పటికి 51,000 మాటలు. 13 ఫారాలు.

“శాశ్వతంగా” తీసేయమని అడిగాను. అందరూ ఇలాగే పెడతారమ్మా అన్నారు. సెక్షన్ 19 అన్నాను. మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చేయలేదు. చేయకపోతే 300 ప్రతులు నేనే వేసుకుంటాను, డీటీపీ గారిని అడ్వాన్స్ ఎంతో అడగాలి. ఖర్చు ఏ ఖాతాలో అన్న బెంగ తీరింది కాబట్టి.

ఒక్క అనుమానం. చివరి అధ్యాయంలో మురళి మొదటిసారి సొంతంగా తెలుగులో ఒక చీటీ రాసి వసుధ గేటుకి గుచ్చి వెళ్తాడు. అప్పటిదాకా ఆమెని “మీరు” అనే అంటాడు. చీటీలో “నువు శనివారం రా” అని రాస్తాడు. వ ఒత్తు వాడికి ఇంకా రాదు. అది అచ్చులో అలాగే ఉండాలి.

ట్రిప్లికేన్ డీటీపీ:

అలాగే ఉండాలంటే ప్రూఫులో ఆ మాట కింద చుక్కలు పెట్టి, మార్జిన్‌లో “ఉంచాలి” అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. లేకపోతే మా ప్రూఫ్‌రీడర్ ఊరుకోడు, దిద్దేస్తాడు. పైగా మార్పిడిలో పోయిన ఒత్తేమో అనుకుంటాడు.

మాంబళం మామ్మ:

ఎర్ర సిరాతో రాయి.